నంబర్ మీ పేరునే ఉంది, కానీ మీది కాదు

(మా వాకర్స్ అసోసియేషన్ వాళ్ళు మొన్న ఆదివారం పొద్దున పార్కులో ఫోన్ల గురించి నాలుగు మాటలు చెప్పమంటే మాట్లాడింది ఇది. ఒకాయన రికార్డ్ చేసి పంపితే విని రాశాను. మధ్యలో ఇడ్లీలు ఎప్పుడొస్తాయన్న చర్చ తీసేశాను.)

అందరికీ నమస్కారం. వెనక వినిపిస్తోందా? ముప్పై అయిదేళ్ళు టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో చేసి ఇప్పుడు నా గొంతే మీకు అందకపోతే నాకు సిగ్గుచేటు. 1984లో టెక్నీషియన్‌గా చేరాను, 2020 జనవరి 31న వీఆర్ఎస్ తీసుకుని బయటికొచ్చాను. ఆ ఒక్క రోజునే దేశం మొత్తం మీద బీఎస్ఎన్ఎల్‌లో 78 వేల మందికి పైగా బయటికొచ్చాం. దండలు వేసేవాళ్ళూ మేమే, వేయించుకునేవాళ్ళూ మేమే. (నవ్వులు)

నేను ఎక్కడ కనపడ్డా జనం అడిగేది ఒకటే, "ఏ కంపెనీ సిమ్ మంచిదండీ?" అని. దానికి జవాబు మీ ఇంటి డాబా మీదికెక్కి చూస్తే తెలుస్తుంది, ఎవరి టవర్ దగ్గరుంటే వాళ్ళది మంచిది, అంతే, దానికి ప్రసంగం అక్కర్లేదు. నేను మాట్లాడదామనుకున్నది వేరే. మీ జేబులో ఉన్న నంబర్ ఎవరిది?

మా బావగారి సంగతి చెప్తాను, మీకే అర్థమవుతుంది. రిటైరయ్యాక అక్కా బావా అమెరికాలో అబ్బాయి దగ్గరికి వెళ్ళి పది నెలలు ఉండొచ్చారు. వెళ్ళేముందు ఇక్కడి సిమ్ తీసి, చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువాలో బంగారం పక్కన దాచారు. భద్రంగా. తిరిగొచ్చి ఫోన్‌లో వేస్తే సిగ్నల్ లేదు. అక్క తన ఫోన్ నుంచి ఆ నంబర్‌కి చేస్తే కరీంనగర్ నుంచి ఎవరో కుర్రాడు ఎత్తి, "ఎవరండీ, పెన్షన్ సారు వాళ్ళా?" అన్నాడట. నాలుగు నెలలుగా మా బావ పెన్షన్ మెసేజ్‌లన్నీ అతనికే వెళ్తున్నాయి. ఏ నెల ఎంత పడిందో, డీఏ ఎప్పుడు కలిసిందో మా అక్కకి తెలియదు గానీ కరీంనగర్ కుర్రాడికి తెలుసు. ఆ అబ్బాయి మంచివాడు కాబట్టి సరిపోయింది. బ్యాంకు ఓటీపీ కూడా అతనికే పోతుంది కదా మరి. కంపెనీ పేరు చెప్పను, అనవసరం, ఎందుకంటే అది ఏ కంపెనీ అయినా అదే చేసేది. రూలే అలా ఉంది. ఆ రూల్ దగ్గరికి వస్తాను.

ముందు ఒకప్పుడు నంబర్ అంటే ఏమిటో చూద్దాం. మేం చేరిన రోజుల్లో ఎక్స్‌ఛేంజ్‌లో ఎండీఎఫ్ అని ఒక గది ఉండేది. ఊళ్ళో ఫోన్లున్న ఇళ్ళన్నిటి నుంచీ రెండేసి రాగి తీగలు, వీధి పెట్టెల్లోంచి, భూమిలో కేబుల్లోంచి నడుచుకుంటూ వచ్చి ఈ గదిలో ఒక పక్క ఇనుప చట్రానికి చేరేవి. ఆ చట్రానికి రెండో పక్క నంబర్లు. ఈ పక్క తీగల జతకీ ఆ పక్క నంబర్‌కీ మధ్య మేం ఒక సన్నని తీగ కలిపేవాళ్ళం, దాన్ని జంపర్ అంటారు. డాక్టర్ గారి ఇంటి నంబర్ అని మీరనుకునేది నిజానికి ఆ జంపరే. మీరు పక్క వీధికి మారితే మేం జంపర్ మార్చేవాళ్ళం, వేరే ఎక్స్‌ఛేంజ్ పరిధిలోకి మారితే నంబరే మారిపోయేది, కార్డులు మళ్ళీ అచ్చేయించుకోవాల్సిందే. అంటే నంబర్ మనిషిది కాదు, చోటుది. ఇంటికి డోర్ నంబర్ ఎలాగో అలా. నేను చేరిన కొత్తలో స్ట్రోజర్ ఎక్స్‌ఛేంజ్, మీరు ఇంట్లో డయల్ ఒక్కో అంకె తిప్పినప్పుడల్లా ఇక్కడ ఓ మీట టకటకమంటూ మెట్లెక్కినట్టు పైకి ఎక్కేది. పండగ రోజు పొద్దున ఆ గదిలో నిలబడితే వడగళ్ళ వాన పడుతున్నట్టుండేది.

ఆ జంపర్ కోసం జనం ఎంతకాలం ఎదురుచూశారో ఇక్కడున్న పెద్దవాళ్ళకి చెప్పనక్కర్లేదు. బిడ్డ పుట్టినప్పుడు అప్లికేషన్ పెడితే బడిలో చేర్పించేటప్పటికి వచ్చేది అని జోకులేసేవాళ్ళు, జోకేం కాదు అది చాలా ఊళ్ళలో. డబ్బు ముందే పెద్దమొత్తంలో కట్టి వరసలో ముందుకు వెళ్ళే పద్ధతి ఒకటుండేది, ఓవైటీ అని. అది కాకుండా ఎంపీ కోటా. వచ్చాక కూడా కేబుల్లో నీళ్ళు దిగితే ఒక వీధి వీధంతా డెడ్. 198కి చేసి కంప్లయింట్ రాయించాలి, ఆ చేయడానికి మీ ఫోన్ డెడ్ కదా, పక్కింటికి వెళ్ళాలి. లైన్‌మన్‌కి దసరా మామూలు ఇచ్చిన ఇంటికి తొందరగా వస్తాడని ఒక ప్రచారం ఉండేది. దాని గురించి నేనేం మాట్లాడను. (నవ్వులు)

ట్రంక్ కాల్ సంగతి పిల్లలకి తెలీదు. వేరే ఊరు మాట్లాడాలంటే బుక్ చేసుకుని ఫోన్ పక్కనే కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని రేట్లు. లైట్నింగ్ అంటే మెరుపు, ఆర్డినరీ రేటుకి ఎన్నో రెట్లు, అది వచ్చిందంటే ఇంట్లో ఆడవాళ్ళు ముందే ఏడుపు మొదలెట్టేవాళ్ళు. ఆపరేటర్ అక్కర్లేకుండా వేరే ఊరికి నేరుగా డయల్ చేసుకునే ఎస్టీడీ దేశంలో మొదట లక్నో, కాన్పూర్ మధ్య 1960లోనే వచ్చినా మన చిన్న ఊళ్ళకి చేరేసరికి పాతికేళ్ళు పైనే పట్టింది. 1984లో సీడాట్ అని ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ పెట్టారు, దాన్ని నడిపించిన శాం పిట్రోడా గారి పేరు వినే ఉంటారు. వాళ్ళు చేసిన 128 లైన్ల చిన్న ఎక్స్‌ఛేంజ్ ఏసీ లేకుండా పల్లెటూళ్ళో ఓ చిన్న గదిలో పనిచేసేది. అది పల్లెలకి చేరుతుంటే పక్కనే పసుప్పచ్చ బోర్డులు లేచాయి, ఎస్టీడీ ఐఎస్డీ పీసీవో. అద్దాల గది, చిన్న ఫ్యాను, నెత్తిమీద ఎర్రంకెల మీటరు. రాత్రి పదకొండు దాటాక పావు రేటు అని ఆ టైముకి బూత్ ముందు క్యూ కట్టిన ఊళ్ళు మనవి. గల్ఫ్‌లో ఉన్న మొగుడు ఫలానా టైముకి చేస్తానని ఉత్తరం రాస్తే, ఆవిడ బూత్ బయట బల్ల మీద పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ బూత్ ఓనర్‌కి ఊళ్ళో ఎవరి కాపురం ఎలా ఉందో అన్నీ తెలుసు. ఇవాళ ఆ పని మీ ఫోన్ కంపెనీ చేస్తోంది, కాకపోతే మీకు టీ ఇప్పించదు.

1995 జూలై 31న బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు గారు కలకత్తా నుంచి ఢిల్లీలో కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రాం గారికి మొబైల్ ఫోన్ చేశారు, దేశంలో మొదటిది అదే. మన ఉమ్మడి రాష్ట్రానికి మొదట్లో లైసెన్సులు రెండే ప్రైవేటు కంపెనీలకి, టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్. ఆ తరవాత టాటాది ఐడియాలో కలిసింది, జేటీది ఎయిర్‌టెల్ చేతికి పోయింది. అప్పట్లో మీకు ఎవరైనా ఫోన్ చేస్తే మీరూ డబ్బు కట్టాలి. అందుకే మోగగానే నంబర్ చూసి కట్ చేసి, ల్యాండ్‌లైన్ వెతుక్కుని తిరిగి చేసేవాళ్ళం. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యేదాకా ఇదే గోల. అదే ఏడాది రిలయన్స్ వాళ్ళు 501 రూపాయలకి ఫోన్ చేతిలో పెట్టారు, కూరగాయల బండి దగ్గర కూడా రింగ్ మోగడం మొదలైంది.

ఇంకో విచిత్రం. రాష్ట్రం 2014లో రెండైంది గానీ మొబైల్ లైసెన్సుల లెక్కలో ఆంధ్రా, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. అందుకే మా బావ నంబర్ హాయిగా కరీంనగర్ వెళ్ళింది. రోమింగ్ చార్జీలున్న రోజుల్లో కూడా ఆదిలాబాద్ నుంచి ఇచ్ఛాపురం దాకా ఏం పడేది కాదు, తడ దాటి తమిళనాడులో అడుగుపెట్టగానే బ్యాలెన్స్ కరిగిపోయేది.

ఇప్పుడు అసలు మలుపు. మొబైల్ వచ్చాక నంబర్ చోటుని వదిలేసి మనిషికి అంటుకుంది. కానీ ఇంకా కంపెనీకి కట్టేసే ఉంది, కంపెనీ మారితే నంబర్ వదులుకోవాలి. ఆ ముడి విప్పింది పోర్టింగ్, అంటే అదే నంబర్‌తో కంపెనీ మారడం. 2010 నవంబర్లో హర్యానాలో మొదలుపెట్టి 2011 జనవరి 20 నుంచి దేశమంతా ఇచ్చారు. 2015 జూలై నుంచి సర్కిల్ దాటినా సరే. నా ఉద్యోగంలో నేను చూసిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. 4జీ, 5జీ అంటే వేగం పెరిగింది, అంతే.

ఇది ఎలా పనిచేస్తుందంటే, మన దగ్గర కొందరు ఆడవాళ్ళు పెళ్ళయ్యాక కూడా పుట్టింటి ఇంటిపేరే ఉంచుకుంటారు చూడండి, అలా. మీ నంబర్ మొదటి నాలుగైదు అంకెలు అది ఏ కంపెనీలో పుట్టిందో చెబుతాయి. పోర్ట్ అయ్యాక కాపురం వేరే చోట. మరి నేను మీకు ఫోన్ చేస్తే నా కంపెనీకి మీరు ఎక్కడ కాపురమున్నారో ఎలా తెలుస్తుంది? ఎవరు ఎక్కడికి మారారో రాసిపెట్టిన జాబితా ఒకటుంది, దాన్ని రెండు జోన్లుగా వేరే సంస్థలు నడుపుతాయి, మనం దక్షిణం, తూర్పు కలిసిన జోన్‌లో ఉన్నాం. ప్రతి కాల్‌కీ ముందు ఆ జాబితాలో చూసి, మీ నంబర్ ముందు కనపడని ఇంకో రూటింగ్ నంబర్ తగిలించి, అప్పుడు పంపుతారు. మేం ఎండీఎఫ్‌లో చేత్తో మార్చిన జంపర్ ఉంది కదా, ఇప్పుడది ఈ జాబితాలో ఒక గీత.

మారాలంటే ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెలు కొట్టి 1900కి మెసేజ్ పెట్టండి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. అది పట్టుకుని కొత్త కంపెనీ దగ్గరికి వెళ్తే, మన సర్కిల్లోనే అయితే మూడు పనిరోజుల్లో అయిపోవాలి. నంబర్ తీసుకుని తొంభై రోజులు నిండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే పాత బాకీ ఉండకూడదు. కోడ్ వచ్చిన మరుక్షణం పాత కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి "సార్, మీకొక స్పెషల్ ఆఫర్" అంటారు. అప్పటిదాకా ఎక్కడ దాచారో ఆ ఆఫర్. ఇంట్లోంచి వెళ్ళిపోతానని అలిగినవాడికే అప్పడాలు వేయించి పెడతారు కదా.

పోర్టింగ్ వచ్చాక, మొబైల్‌తోనే బ్యాంకు, ఆధార్, గ్యాసు బుకింగ్, కొండ మీద దర్శనం టికెట్, అన్నీ ఓటీపీ అయ్యాక, నంబర్ ఇంకో మెట్టెక్కింది. ఇప్పుడది మీ సంతకం. కంపెనీలు నిజంగా అమ్ముతున్నది మాటలు కాదు, మాటలు దాదాపు ఫ్రీ అయిపోయాయి, వాళ్ళు అమ్ముతున్నది "ఇతను ఇతనే" అనే రుజువు. ఆ రుజువు బతికి ఉండాలంటే మీరు నెలనెలా కట్టాలి. సారీ, నెల కాదు, 28 రోజులు. ఇది ఎవరి బుర్రలో పుట్టిందో గానీ వాడికి దండం పెట్టాలి. 28ని 13తో గుణించండి, 364. ఏడాదికి పన్నెండు నెలలు, పదమూడు రీచార్జ్‌లు. జనం గోల పెడితే 2022లో ట్రాయ్, అంటే ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ, ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాను, ప్రతి నెలా అదే తారీఖున రెన్యూ అయ్యే ప్లాను ఒకటి పెట్టి తీరాలంది. పెట్టారు. అవి ఏ మూల ఉన్నాయో యాప్‌లో వెతుక్కోవాలి. అలాగే నెట్ అక్కర్లేని పెద్దవాళ్ళ కోసం మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు పెట్టాలని 2024 డిసెంబర్లో రూల్ తెచ్చారు, 2025 నుంచి ఉన్నాయి. షాపులో అబ్బాయి తనంతట తాను చెప్పడు, మీరే అడగాలి.

లైఫ్‌టైమ్ సిమ్ గుర్తుందా ఎవరికైనా? (చేతులు లేచాయి) ఆఁ, చూశారా. 2005 చివర్లో 999 కట్టండి, జీవితాంతం ఇన్‌కమింగ్ అన్నారు. 2018 చివరికొచ్చేసరికి నెలకి కనీసం 35 రూపాయలు వేయకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆపేస్తాం అన్నారు. నేను కూడా 999 కట్టినవాణ్ణే. ఎవరి లైఫో అప్పుడు అడగలేదు, తప్పు నాదే.

ఇప్పుడు మా బావ రూలుకొద్దాం. నంబర్లన్నీ కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖవి. అది కంపెనీలకి బ్లాకులు బ్లాకులుగా ఇస్తుంది, కంపెనీ మనకి వాడుకోమని ఇస్తుంది. ప్రభుత్వ పొలంలో కౌలుకి సాగు చేసుకున్నట్టు, పంట మనది, పట్టా మనది కాదు. తొంభై రోజులు కాల్ గానీ మెసేజ్ గానీ నెట్ గానీ ఏదీ వాడకపోతే కంపెనీ దాన్ని తీసేయొచ్చు. ప్రీపెయిడ్‌లో 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది కోసుకుని ఇంకో ముప్పై రోజులు ఉంచాలి, అదీ అయిపోతే పదిహేను రోజుల గడువు. తీసేశాక మరో తొంభై రోజులు ఎవరికీ ఇవ్వకూడదు. ఆ తరవాత కొత్తవాళ్ళకి. కరీంనగర్ కుర్రాడు చేసిన తప్పేం లేదు, షాపుకి వెళ్ళి కొత్త సిమ్ అడిగాడు, ఇచ్చారు.

కాబట్టి పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు ముందు సంవత్సరం ప్లాను ఏదైనా వేసుకోండి, సిమ్ బీరువాలో కాదు ఫోన్‌లోనే ఉంచండి, అక్కడి నుంచి నెలకోసారైనా ఒక మెసేజ్ పెట్టండి, రోమింగ్ చార్జీ ఎంతో ముందే కనుక్కుని. నంబర్ వదిలేద్దామనుకుంటే ముందు బ్యాంకులో, ఆధార్లో మార్చి, వాట్సాప్ అకౌంట్ తీసేసి, అప్పుడు వదలండి. ఈ వరస తిరగేస్తే మా బావలాగా బ్యాంకు చుట్టూ పదకొండు సార్లు తిరగాలి. బ్యాంకులో నంబర్ మార్చాలంటే పాత నంబర్‌కి ఓటీపీ పంపుతామన్నారట మొదటిరోజు. (నవ్వులు) నవ్వకండి, ఆయనకి బీపీ పెరిగింది.

రెండోది, ఉన్నట్టుండి ఫోన్‌లో సిగ్నల్ పోయి గంట రెండు గంటలైనా రాకపోతే, పక్కవాళ్ళకి అదే కంపెనీ సిగ్నల్ ఉంటే, టవర్ పోయిందిలే అని పడుకోకండి. మీ పేరు చెప్పి ఎవడో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండొచ్చు. వెంటనే ఇంకో ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కీ, బ్యాంకుకీ చేయండి. ఈ గొడవ పెరిగే 2024 జూలై నుంచి సిమ్ మార్చిన వారం రోజుల దాకా పోర్టింగ్ కుదరదని రూల్ పెట్టారు.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో ఎప్పుడైనా చూసుకున్నారా? ఒక మనిషికి తొమ్మిది దాకా ఉండొచ్చు. టెలికాం శాఖ వాళ్ళ వెబ్‌సైట్ సంచార్ సాథీలో మీ నంబర్ కొట్టి ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది. ఈ ఏర్పాటు 2021లో మొదట మొదలైంది మన రెండు రాష్ట్రాల్లోనే, ఆ మాత్రం గర్వపడొచ్చు. నేను చూసుకుంటే నాలుగున్నాయి, రెండు నావి, ఒకటి మా ఆవిడది, నాలుగోది ఎవరిదో తెలీదు. ఎప్పుడో ఫోటో, ఆధార్ జిరాక్స్ ఎక్కడో వదిలేసి ఉంటాను. "నా నంబర్ కాదు" అని నొక్కితే కొన్నాళ్ళకి పోయింది.

కంపెనీతో పేచీ వస్తే ఎక్కడికి వెళ్ళాలి? మా రోజుల్లో ఎక్స్‌ఛేంజ్‌కొచ్చి బల్ల గుద్దేవాళ్ళు, తిట్టేవాళ్ళు, పడేవాళ్ళం, కనీసం తిట్టడానికి ఒక మొహం ఉండేది. ఇప్పుడు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, తొమ్మిది నొక్కండి. అయినా 198 ఉంది చూడండి, ఫోన్ డెడ్ అయితే పక్కింటికెళ్ళి చేసిన ఆ 198, అదే నంబర్ ఇప్పుడు ప్రైవేటు కంపెనీలకి కూడా కంప్లయింట్ నంబర్, ఫ్రీ. చేసినప్పుడు డాకెట్ నంబర్, అంటే మీ కంప్లయింట్‌కి ఇచ్చే నంబర్, అడిగి రాసుకోండి, అది లేకుండా పెట్టేయకండి. దాంతో పని కాకపోతే ముప్పై రోజుల్లోగా అదే కంపెనీలో అప్పీలు అథారిటీకి వెళ్ళొచ్చు, వాళ్ళు 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కి ఉత్తరం రాస్తే లాభం లేదు, విడివిడి కంప్లయింట్లు అది చూడదు. వినియోగదారుల కోర్టుకి వెళ్ళొచ్చా లేదా అని చాలాకాలం తకరారు నడిచింది, వెళ్ళొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. మీరు అడగని పాటలకీ, జాతకాలకీ డబ్బు కోస్తుంటే 155223కి ఫోన్ గానీ, స్టాప్ అని మెసేజ్ గానీ. లోన్ కావాలా అంటూ చంపుతుంటే 1909. అది పూర్తిగా ఆపుతుందా అంటే, ఆపదు. దోమతెర కట్టుకున్నట్టు, రెండు మూడు ఎలాగూ దూరతాయి.

ప్రెసిడెంట్ గారు ఇడ్లీలు వచ్చాయని సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషం, అందరూ ఫోన్లు బయటికి తీయండి. స్టార్, హ్యాష్, సున్నా ఆరు, మళ్ళీ హ్యాష్. కాల్ బటన్ నొక్కక్కర్లేదు, దానంతటదే వస్తుంది. పదిహేను అంకెలు, రెండు సిమ్‌ల ఫోనైతే అలాంటివి రెండు. అది సిమ్‌ది కాదు, ఫోన్‌ది. ఫోన్ పోయినప్పుడు పోలీస్ కంప్లయింట్ ఇచ్చి, ఆ అంకెలు సంచార్ సాథీలో పెడితే ఇంక ఏ కంపెనీ సిమ్ వేసినా ఆ ఫోన్ పలకదు. ఫోటో తీసుకుంటున్నారా? అదే ఫోన్‌లో ఫోటో తీసుకుంటే పోయినప్పుడు ఎక్కడ చూస్తారండీ? కాగితం మీద రాయండి. ఇదిగో పెన్ను, ఇలా పంపండి వెనక్కి. మీది నాకు చూపించకండమ్మా, ఇంటికెళ్ళి బీరువాలో పెట్టుకోండి, అదీ బీరువాలో పెట్టాల్సింది.